పేరు పెట్టి చేసిన ప్రార్థన

రమీరో అన్నది "కార్టెల్" అని. పక్కింటి పెద్దాయన దైవాశీర్వాదం విన్నది "కర్టెన్" అని.

తప్పంతా చెవిదే అనడానికి లేదు. ఇద్దరి మధ్యా చెక్క కంచె ఉంది. అవతల ఎవరో గడ్డి కోసే మిషన్ తోలుతున్నారు. ఇవతల ఉన్నది, చీరాల బస్టాండులో ఉద్యోగమంతా హారన్ల మధ్య మైకు పట్టుకుని గడిపిన ఎడమ చెవి. పైగా ఆ వారమంతా కూతురు లూసీ, కిటికీకి కురచైన కర్టెన్లు పంపిన కంపెనీతో ఫోనులో యుద్ధం చేస్తోంది. కాబట్టి ఆ మాట ఆయన చెవిలో అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చుంది. కార్టెల్ వచ్చి తలుపు తట్టేసరికి లోపల ఖాళీ లేదు.

"కర్టెనా?" అన్నాడు ఆశీర్వాదం, కుడి చెవి కంచె వైపు తిప్పి.

"సీ, పాద్రే. కార్టెల్." రమీరో గొంతు ఇంకా తగ్గించాడు. "వెరీ బ్యాడ్ పీపుల్. మండే, ఐ గో కోర్ట్. షికాగో. ఐ టాక్. ఐ టెల్ ఎవ్రీథింగ్. ప్లీజ్, పాద్రే, ప్రే ఫర్ మీ. ఓన్లీ యూ అండ్ గాడ్."

ఓన్లీ యూ అండ్ గాడ్. ఆశీర్వాదం దాన్ని మనసులోనే తెలుగు చేసుకున్నాడు: "నాకు మీరూ, ఆ పైన దేవుడే దిక్కు." గుండె కరిగిపోయింది. కర్టెన్ల వాళ్లు ఇంత పెద్ద మనిషిని ఎంత ఏడిపించి ఉంటారో అనుకున్నాడు. కంచె మీంచి చెయ్యి చాపి రమీరో నెత్తిన పెట్టి, "ఐ ప్రే. ఫుల్ ప్రేయర్," అని మాటిచ్చాడు.

రమీరో అన్నది "మీకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు" అని. ఆ చెయ్యి కింద తల వంచుకుని నిలబడ్డ మనిషికి, తన మాట ఎక్కడికి ప్రయాణం కట్టబోతోందో తెలియదు.

2012 వేసవి అది. అల్లుడు నోయెల్‌కి కంప్యూటర్ ఉద్యోగం, లూసీకి హాస్పిటల్లో నర్సు ఉద్యోగం. ఆర్నెల్లు ఉండి వెళ్దామని ఆశీర్వాదం అమెరికాలో, షికాగో దగ్గరున్న అరోరా వచ్చాడు. ఊరి పేరు వింటే "అరె, రా!" అని ఎవరో ఆప్యాయంగా పిలిచినట్టుంటుంది. తీరా వచ్చాక, పగలంతా వీధిలో పలకరించే నాథుడు లేడు. కుక్కల్ని నడిపించేవాళ్లు వెళ్తారు, కానీ వాళ్లు మాట్లాడేది కుక్కలతోనే.

అలాంటి వీధిలో ఆయనకి దొరికిన ఒకే ఒక స్నేహితుడు పక్కింటి రమీరో, స్పానిష్ మాట్లాడే మనిషి. లారీల యార్డులో మెకానిక్కు. సరుకు చల్లగా ఉంచే పెద్ద పెద్ద ట్రెయిలర్లకి ఏసీలు బాగుచేస్తాడు. ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒకరికి సరిపడా కూడా కాదు. స్నేహం మిరపకాయలతో మొదలైంది. రమీరో ఓ రోజు కంచె మీంచి పచ్చగా, లావుగా ఉన్న కాయ ఇచ్చి, "హలపేన్యో, వెరీ హాట్," అని హెచ్చరించాడు. కాయలు తెచ్చిన కవరు మీద చూస్తే ఇంగ్లీషులో జలపెనో అని ఉంది. ఆశీర్వాదం దాన్ని దోసకాయలా నమిలి మింగేశాడు.

"పేరులో జలం ఉంది, పెనం ఉంది. కారమే లేదు," అని లోపలికెళ్లి, తాను పట్టుకొచ్చిన గుంటూరు మిరపకాయ ఒకటి తెచ్చిచ్చాడు. రమీరో కొరికాడు. కళ్లల్లోంచి జలం, మొహం మీద పెనం రెండూ ఒకేసారి కనిపించాయి. దగ్గుతూ, నవ్వుతూ, కంచె పట్టుకుని కూలబడ్డాడు. ఆ సాయంత్రమే రమీరో కూతురు మారిసోల్, రొట్టెలు పట్టుకొచ్చి, "పాద్రే, ఫర్ యూ," అని ఇచ్చింది. బదులుగా ఆశీర్వాదం గుంటూరు విత్తనాలు కుండీలో మొలకెత్తించి ఒక మొక్క ఇచ్చాడు.

ఈ "పాద్రే" సంగతి చెప్పాలి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో నల్లట్ట పుస్తకం, సాయంత్రం పూట పెరట్లో కళ్లు మూసుకుని ప్రార్థన. ఇదంతా చూసి మొదటి రోజే రమీరో గుండెల మీద సిలువ గీసుకుని, "పాద్రే," అన్నాడు. ఆశీర్వాదానికి అర్థమైంది. మన పాదిరి అన్న మాటకి అది పెదనాన్న కొడుకు.

"నో పాదిరి! బస్ స్టాండ్. మైక్. అనౌన్స్‌మెంట్," అన్నాడు నిజాయితీగా.

రమీరో దాన్ని వినయం కింద జమకట్టుకున్నాడు. రెండోసారి కూడా ఆశీర్వాదం కాదన్నాడు. మూడోసారి నవ్వాడు. నాలుగోసారి "యెస్, యెస్," అన్నాడు. రిటైరైన మనిషికి, అడగకుండా, ఇంటర్వ్యూ లేకుండా, కంచె అవతల్నుంచి ఒక పదవి వచ్చి పడింది. రాజీనామా చెయ్యబుద్ధి కాలేదు.

*

మర్నాడు తెల్లారగానే ప్రేయర్ లైన్.

ఇది రైలు లైన్ కాదు, టెలిఫోన్ లైన్. చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లంతా రోజూ పొద్దున్నే ఒకే నంబరుకి ఫోన్ చేసి, ఎవరింట్లో వాళ్లు కూర్చుని కలిసి ప్రార్థన చేసుకుంటారు. ఆ వేళకి రాలేనివాళ్లు తర్వాత ఫోన్ చేసి రికార్డింగు వింటారు. నడిపేది పర్సిస్. నేపర్‌విల్‌లో ఉంటుంది, భర్త పోయాక సంఘాన్నే సంసారం చేసుకున్న మనిషి. జాలి ఎక్కువ, గొంతు ఇంకా ఎక్కువ. ఆవిడ కష్టమంతా లైనులో కుక్కర్ ఈలలూ, కుళాయి చప్పుళ్లూ ఆపించడమే.

"ఎవరింట్లోనో మిక్సీ తిరుగుతోంది. దయచేసి మ్యూట్ చేసుకోండి. బ్రదర్ ఆశీర్వాదంగారూ, అది మీరేనా?"

"మిక్సీ కాదమ్మా, దగ్గు."

"దగ్గైనా మ్యూట్ చేసుకోవచ్చు అన్నయ్యగారూ. సరే, ప్రార్థన మనవులు చెప్పండి. పేరు పెట్టి చెప్పండి. ఊరికే 'ఒక సహోదరుడు' అంటే, ఎవర్ని జ్ఞాపకం చేసుకోవాలి మనం?"

పేరు పెట్టి చెప్పడం! అది ఆశీర్వాదానికి పుట్టుకతో వచ్చిన విద్య కాకపోయినా, ఉద్యోగంతో వచ్చింది. ఏ బస్సు, ఏ ఊరికి, ఏ ప్లాట్‌ఫారం మీద, ఎన్నింటికి, వయా ఏ ఊళ్లు. ఈ వివరాల్లో ఏ ఒక్కటి తగ్గినా జనం తప్పు బండి ఎక్కుతారు. దేవుడు తప్పు బండి ఎక్కుతాడని కాదు గాని, సంఘం ఎక్కుతుంది. గొంతు సవరించుకున్నాడు.

"విజ్ఞప్తి. మా పక్కింట్లో ఉండే రమీరోగారు, పెద్ద రోడ్డు మీద లారీల యార్డులో మెకానిక్కుగా పనిచేయుచున్నారు. వారు ఈ సోమవారం ఉదయం షికాగో పెద్ద కోర్టులో, తమను బాధించిన కర్టెన్ల వాళ్ల మీద సాక్ష్యం చెప్పబోవుచున్నారు. వారు ధైర్యముగా నోరు విప్పునట్లు సంఘమంతయు ప్రార్థించ ప్రార్థన."

"ఆమెన్," అన్నారు అందరూ. రాజ్ అనే పెద్దమనిషి మాత్రం, "కర్టెన్లకి కోర్టెందుకు బ్రదర్? రిసీట్ ఉంటే రిటర్న్ చేసెయ్యొచ్చుగా?" అన్నాడు.

"రిసీట్ పోయుంటుంది పాపం," అంది పర్సిస్. "అద్దెకుండేవాళ్లా అన్నయ్యగారూ? పిల్లలున్నారా?"

"ఒక పాప. ఈ శనివారం పుట్టినరోజు. నన్ను కూడా పిలిచారు."

"అయితే మేమూ వచ్చి ప్రార్థన చేసిపోతాం. కష్టంలో ఉన్నవాళ్లని ఫోనులో జ్ఞాపకం చేసుకుని ఊరుకుంటే ఎలా?"

అది వాళ్ల పద్ధతి. ఎవరి పేరు లైనులో వస్తే వాళ్లింటికి భోజనం వెళ్తుంది. కాలు విరిగినా, కాన్పయినా, కొలువు ఊడినా అంతే. కర్టెన్ల కష్టం కాకుండా కడుపునొప్పయినా పర్సిస్ వెళ్లేదే.

నైట్ డ్యూటీ నుంచి వచ్చిన లూసీకి టీ ఇస్తూ ఆశీర్వాదం ఈ సంగతి చెప్పాడు.

"కర్టెన్లకి కోర్టేంటి నాన్నా?"

"మరి నువ్వు ఫోనులో ఏమని బెదిరించావ్ వాళ్లని? కోర్టుకి లాగుతాననలా?"

"అది ఊరికే అన్నాను నాన్నా!" లూసీ నవ్వింది. నిద్ర కళ్లతో నవ్వి, టీ సగంలో వదిలేసి పైకెళ్లి పడుకుంది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. అడగలేదు.

*

శనివారం మధ్యాహ్నం రమీరో పెరడంతా జనం. చెట్టు కొమ్మకి రంగు కాగితాల గాడిద బొమ్మ వేలాడుతోంది. పిల్లలు కళ్లకి గంతలు కట్టుకుని కర్రతో కొడితే అందులోంచి చాక్లెట్లు రాలతాయట. పొయ్యి మీద మాంసం కాలుతోంది. ఆశీర్వాదానికి కుర్చీ వేశారు, "పాద్రే" అని పరిచయం చేశారు. ఆయన అందరికీ చెయ్యెత్తి దీవెన ఇచ్చాడు. పదవి బాగా అలవాటైపోయింది.

యార్డు వాళ్లంతా వచ్చారు. మధ్యలో యజమాని. అద్దంలా మెరిసే బూట్లు, మెత్తటి మాట, పాప కోసం పాపకంటే పెద్ద బొమ్మ. రమీరో ఆయనకి ప్లేటు అందించి, ఆయన పొమ్మనేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆశీర్వాదం చూశాడు, యజమాని అంటే భయం ఎక్కడైనా ఒకటే అనుకున్నాడు.

అప్పుడు పక్క వాకిలి తెరుచుకుంది. పట్టు చీరలో పర్సిస్, వెనక సంఘం ఆడవాళ్లు. ఒకరి చేతిలో అల్యూమినియం ట్రే నిండా బిర్యానీ, ఇంకొకరి చేతిలో పెరుగు పచ్చడి, పర్సిస్ చేతిలో స్వయంగా కుట్టిన వంగపండు రంగు కర్టెన్లు.

"బ్రదర్ రమీరో!" ఆవిడ గొంతుకి పెరట్లో మోగుతున్న పాటల పెట్టె దానంతటదే తగ్గినట్టయింది. "వుయ్ ఆర్ ఆల్ ప్రేయింగ్ ఫర్ యువర్ మండే కోర్ట్! డోంట్ బి అఫ్రెయిడ్ ఆఫ్ దెమ్! స్పీక్ బోల్డ్లీ!"

మాంసం తిప్పుతున్న మనిషి తిప్పడం ఆపాడు.

యజమాని నవ్వుతూనే రమీరో వైపు తిరిగాడు. "మండే కోర్ట్, అమీగో?"

"ట్రాఫిక్ టికెట్," అన్నాడు రమీరో.

"నో, నో!" పర్సిస్ తల అడ్డంగా ఊపింది. మంచి పనిని చిన్నది చేసుకుంటున్నాడు పిల్లాడు, అని ఆవిడ అభిమానం. "బిగ్ కోర్ట్! హీ ఈజ్ ద విట్నెస్! ఏమంటారు అన్నయ్యగారూ, అంతేగా?"

అందరూ పాద్రే వైపు చూశారు. రమీరో కూడా చూశాడు. ఆ చూపులో ఏదో ఉంది. బస్సు కదిలాక పరుగెత్తుకొచ్చేవాడి చూపు. ఆశీర్వాదం దాన్ని సిగ్గనుకున్నాడు. సాయం పుచ్చుకోవడానికి మొహమాటపడుతున్నాడనుకున్నాడు. లేచి నిలబడి, బస్టాండు మొత్తం వినిపించే గొంతుతో, ప్లాట్‌ఫారంతో సహా చెప్పాడు.

"యెస్. మండే మార్నింగ్. షికాగో, బిగ్ కోర్ట్. వెరీ బ్రేవ్ మ్యాన్."

ఎవరూ కేకలెయ్యలేదు. యజమాని ప్లేటు బల్ల మీద పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. రమీరో భుజం మీద మెత్తగా తట్టాడు. పాప నెత్తిన ముద్దు పెట్టాడు. పర్సిస్‌కి తల వంచి నమస్కారం చేశాడు. వెళ్లిపోయాడు. ఆయన వెనకే యార్డు వాళ్లు ఒక్కొక్కరు, తినడం సగంలో ఆపి, పిల్లల్ని రెక్కపట్టుకుని లాక్కుంటూ వెళ్లిపోయారు. గాడిద బొమ్మని ఎవరూ కొట్టలేదు.

రమీరో భార్య వంగపండు రంగు కర్టెన్లు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. రమీరో ఆశీర్వాదం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "పాద్రే," అన్నాడు. ఆ తర్వాత వెళ్లి పొయ్యి ఆర్పేశాడు.

"బాగా తినండి బ్రదర్, బిర్యానీ చల్లారిపోతుంది," అంది పర్సిస్.

*

ఆదివారం పొద్దున ఆ ఇల్లు ఖాళీ. తలుపులు తాళం, కార్లు లేవు. బొమ్మ గాడిద మాత్రం కొమ్మకి వేలాడుతూ గాలికి తిరుగుతోంది. కంచెకి ఇవతల, ఆశీర్వాదం వైపు, గుంటూరు మిరప మొక్క కుండీ ఉంది. నీళ్లు పోసి ఉంది. బాగా చూసుకోమని అప్పజెప్పారో, నీది నువ్వే ఉంచుకో అని తిప్పికొట్టారో ఆయనకి అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు.

సోమవారం, రమీరో కోర్టులో ఉండాల్సిన పూట, ఒకావిడ తలుపు కొట్టింది. నల్ల కోటు, నిద్ర లేని కళ్లు. నోయెల్ ఆ రోజు ఇంట్లోంచే పనిచేస్తున్నాడు. లోపలికి తీసుకొచ్చి, "మావయ్యగారూ, ఈవిడ ఏజెంట్," అన్నాడు.

"ఎల్ఐసీయా? నా పాలసీ మెచ్యూరైపోయింది, వద్దని చెప్పు."

నోయెల్ నవ్వలేదు. "ఆ ఏజెంట్ కాదండీ. గవర్నమెంట్ ఏజెంట్. డ్రగ్స్ కేసులు చూసేవాళ్లు."

ఆమె పేరు డెలానీ. ఆమె అడగడం, నోయెల్ తెలుగులోకి తిప్పడం, ఆశీర్వాదం చెప్పడం, నోయెల్ ఇంగ్లీషులోకి తిప్పడం. బండి అలా రెండు ఊళ్ల మధ్య చాలాసేపు తిరిగింది. ఆ ప్రయాణంలో మొదటిసారి ఆయన ఆ మాటని కుడి చెవితో, తలుపులు మూసిన గదిలో, గడ్డి మిషన్ లేకుండా విన్నాడు.

"కర్టెన్ కాదండీ మావయ్యగారూ. కార్టెల్. మత్తుమందు ముఠాలు. మెక్సికో నుంచి సరుకు పంపుతారు. చంపేవాళ్లు, చంపించేవాళ్లు కూడా వాళ్లే."

మందు అంటే మన దగ్గర జ్వరానికి వేసుకునేది ఉంది, పొలానికి కొట్టేది ఉంది, సాయంత్రం కొట్టేది ఉంది. ఇంకోటి కూడా ఉందని, అది మనుషులు కొట్టేది కాదు, మనుషుల్నే కొట్టేదని ఆశీర్వాదానికి ఆ సోఫాలో తెలిసింది. ఆ ట్రెయిలర్ల గోడల్లో, చల్లదనం కోసం దూది కూరే చోట, సరుకు కూరేవారట. ఏసీ బాగుచేస్తూ గోడ విప్పిన రోజు రమీరో చూశాడు. చూసీ చూడనట్టు ఉండలేక, తనంతట తనే వెళ్లి డెలానీ వాళ్లకి చెప్పాడు.

"లారీలు పట్టుకోవడం కష్టం కాదు," అంది డెలానీ, కిటికీలోంచి ఆ ఖాళీ ఇంటి వైపు చూస్తూ. "ఒకటి పట్టుకుంటే ఇంకోటి బయల్దేరుతుంది. డ్రైవర్ని జైల్లో వేస్తే ఇంకో డ్రైవర్ దొరుకుతాడు వాళ్లకి. మాకు దొరకనిది ఒక్కటే, లోపల్నుంచి నోరు విప్పే మనిషి. ఆయనకంటే ముందు ఇంకొకడు ఒప్పుకున్నాడు. వాడి కారు దొరికింది. వాడు దొరకలేదు. ఆ తర్వాత ఈయన ఒప్పుకోవడానికి ఎంతకాలం పట్టిందో నాకు తెలుసు. రోజూలాగే ఉండు, పార్టీ కూడా చెయ్యి, యజమానిని కూడా పిలువు, లేకపోతే అనుమానం వస్తుంది అని మేమే చెప్పాం."

"బతికే ఉన్నారామ్మా?" అని ఆశీర్వాదం తెలుగులోనే అడిగేశాడు. ఆమెకి నోయెల్ అక్కర్లేకపోయింది.

"ఉన్నారు. ముగ్గురూ. ఇంకో ఊళ్లో, ఇంకో పేర్లతో. ఎక్కడని అడక్కండి. కానీ ఇక నోరు విప్పడట. కూతురుంది అంటున్నాడు. నేనేమనగలను?" ఆమె ఆశీర్వాదం వైపు తిరిగి అడిగింది. "ఒక్కటే అర్థం కావట్లేదు నాకు. కన్నతల్లికి కూడా చెప్పని మనిషి మీకెందుకు చెప్పాడు? మీరు ఊరందరికీ ఎందుకు చెప్పారు?"

"ప్రార్థన చెయ్యమన్నాడు," అన్నాడు ఆశీర్వాదం.

డెలానీ మెడలో సన్నటి సిలువ గొలుసు ఉంది. దాన్ని వేళ్లతో తిప్పింది. తర్వాత నోయెల్‌తో నెమ్మదిగా ఏదో చెప్పింది.

"రమీరోలాంటి కేథలిక్కుల్లో పాద్రేకి చెప్పుకున్నది పాద్రేతోనే సమాధి అయిపోద్దంటండీ," అన్నాడు నోయెల్. "పోలీసులొచ్చి అడిగినా, కోర్టు అడిగినా ఆయన చెప్పకూడదంట. అది నమ్మే మీకు చెప్పుంటాడంటున్నారు."

"మనలో..." అని ఆగిపోయాడు ఆశీర్వాదం. మనలో ప్రార్థన మనవి అంటే నలుగురికీ చెప్పేది. ఎంతమంది మోకరిస్తే అంత బలం. దాచుకున్న మనవి మనవే కాదు. ఒకే దేవుడు, ఒకే సిలువ, ఒక కంచె. కంచెకి అటువైపు నోరు మూస్తే ప్రార్థన, ఇటువైపు నోరు తెరిస్తే ప్రార్థన.

వెళ్తూ డెలానీ, కేసు తేలేదాకా ఎవరితోనూ ఏమీ అనొద్దంది. అనాల్సిందంతా అనేశాక వచ్చిన ఆ మాటకి ఆశీర్వాదం బుద్ధిగా తల ఊపాడు. బీమా ఏజెంటని పొరబడ్డాడు గాని, ఆమెదీ ప్రాణాలకి పూచీ పడే ఉద్యోగమే. ఆ పాలసీని చింపింది తనే.

*

చెట్ల ఆకులు ఎర్రబడి రాలడం మొదలయ్యాక, ఒక సాయంత్రం నోయెల్ ఫోనులో వార్త చదివాడు. సాక్షి లేనందువల్ల యార్డు యజమాని మీద కేసు కొట్టేశారు. ఆ వారమే లూసీ తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే పెద్ద రోడ్డు మీద యార్డు గేటు తెరిచి ఉంది. ట్రెయిలర్లకి కొత్త రంగు, కొత్త పేరు. ఒకదాని వెనక ఒకటి, నింపాదిగా బయటికొస్తున్నాయి.

"ఇందాకట్నుంచి గ్రీన్ సిగ్నల్ పడే ఉంది, కదలవేంటమ్మా?" అన్నాడు ఆశీర్వాదం.

లూసీ కళ్లు తుడుచుకుని కారు కదిపింది.

సంఘానికి ఇవేవీ తెలియవు. ప్రేయర్ లైన్‌లో ఆశీర్వాదం గొంతు వినపడకపోతే, "అన్నయ్యగారు మ్యూట్ నేర్చుకున్నట్టున్నారే!" అని పర్సిస్ మెచ్చుకుంది కూడా. నిజమే, నేర్చుకున్నాడు. ఆవిడకున్న బాధల్లా, రమీరో కుటుంబం చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవడమూ, కుట్టిచ్చిన కర్టెన్లు మెట్ల మీదే పడేసి పోవడమూ. "రంగు నచ్చలేదేమో," అని ఇద్దరు ముగ్గురితో అంది.

తర్వాతి ఆదివారం ఆరాధనలో, కృతజ్ఞతలు చెప్పుకునే వేళ, పర్సిస్ మైకు దగ్గరికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"వేసవిలో మనం రమీరో బ్రదర్ కోర్టు విషయం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకున్నాం, గుర్తుందా? నిన్న పేపర్లో ఆయన పనిచేసిన యార్డు గురించి హెడ్డింగు మాత్రం చూశాను. కేసు కొట్టేశారు, ఇక ఆయనకి కోర్టుల చుట్టూ తిరిగే పని లేదు! మన ప్రార్థనకి జవాబొచ్చింది! ఆయన మనకి చెప్పకుండా వెళ్లిపోయినా ఫర్వాలేదు, దేవుడు మాత్రం మర్చిపోలేదు. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి!"

చప్పట్లు మోగాయి. పిల్లలు కూడా కొట్టారు. లూసీ తండ్రి చెయ్యి పట్టుకుంది. "వద్దులే నాన్నా," అంది. నోయెల్ కాళ్లు పక్కకి జరిపి దారిచ్చాడు.

ఆశీర్వాదం నడుచుకుంటూ వెళ్లి పర్సిస్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఉద్యోగమంతా నోటి దగ్గరే ఉన్న వస్తువు. మొదటిసారి బరువనిపించింది.

"చప్పట్లు ఆపండమ్మా. ఆ రోజు నేను చేసిన అనౌన్స్‌మెంట్ తప్పు. రమీరో చెప్పింది కర్టెన్ కాదు. కార్టెల్. అంటే మత్తుమందు ముఠా. ఆ యార్డు వాళ్లదే. ఆ యజమాని మీద ఇతను సాక్షి. సాక్షి లేడు గనక కేసు కొట్టేశారు. మనం గెలిచింది కాదు, వాళ్లు గెలిచారు. ఆ రోజు పెరట్లో మెరిసే బూట్లతో ఉన్నాడే, ఆయన గెలిచాడు."

హాల్లో ఎక్కడో బిడ్డ ఏడుస్తుంటే తల్లి నోటికి పాల సీసా పెట్టింది.

"అంటే... ఆయన ముందే నేను..." పర్సిస్ కుర్చీ పట్టుకుంది. "అన్నయ్యగారూ, విట్నెస్ అని అరిచి చెప్పింది నేనేగా!"

"నీది కాదమ్మా తప్పు. బోర్డు మీద ఊరు రాసింది నేను. నువ్వు ఆ ఊరికే బండి తోలావు. చివర్లో అందరూ నన్నడిగితే, ఔనన్నదీ నేనే."

"పోనీలెండి బ్రదర్," అన్నాడు రాజ్, ఎలాగైనా ఓదార్చాలని. "చెవి సరిగ్గా వినపడకపోతే మీరేం చేస్తారు? సరిగ్గా వినుంటే ఇలా అయ్యేది కాదు."

"అయ్యేది రాజ్‌గారూ. అక్కడే ఉంది గొడవంతా. సరిగ్గా విన్నా నేను లైనులో చెప్పేవాణ్ణే. కార్టెల్ అని ఇంకా గట్టిగా, స్పెల్లింగుతో సహా చెప్పేవాణ్ణి. మన పద్ధతే అది కదా, నలుగురితో కలిసి ప్రార్థన. అతను నన్ను పాదిరి అనుకున్నాడు. వాళ్ల పాదిరికి చెప్తే గోడకి చెప్పినట్టు, బయటికి రాదు. నేను పాదిర్ని కాదు, బస్టాండు మైకుని. కాదు అని ఇంకొక్కసారి చెప్పాల్సింది. చెప్పలేదు. పిలిపించుకోవడం బాగుంది." ఆయన కాసేపు మైకు కిందికి దించి మళ్లీ ఎత్తాడు. "అతనికి కిటికీలకి తెరలు లేవని మీరంతా జాలిపడ్డారు. తెర కావలసింది నా నోటికి."

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

సంఘం పాస్టరు అయ్యగారు ముందుకొచ్చి ఆశీర్వాదం భుజం మీద చెయ్యి వేశారు. "ఆ కుటుంబం కోసం ప్రార్థన చేద్దాం," అని అందర్నీ నిలబడమన్నారు. పర్సిస్ కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ, మెల్లగా అడిగింది.

"పేరు... ఇప్పుడేం పేరు అన్నయ్యగారూ వాళ్లకి?"

"తెలీదమ్మా," అన్నాడు ఆశీర్వాదం. "మనకి తెలీకుండా ఉండాలనే మార్చారు."

మైకు ఆమెకివ్వబోయి, ఆగి, కింద చిన్న మీట ఉంటే అది నొక్కి ఆపేసి ఇచ్చాడు.